గండికోటలో ఒక రాత్రి: నలుగురం ఆడవాళ్లమే వెళ్దామనుకుంటున్నాం, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

పెన్నాగాలి (ప్రొద్దుటూరు)
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదవడమే తప్ప రాసింది లేదు. నాకు 36 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇద్దరు పిల్లలు.

ప్రొద్దుటూరు నుంచి గండికోట ఎంత దూరమని? జమ్మలమడుగు దాటితే ఇంకో పదిహేను కిలోమీటర్లు. ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాను. ఆరుసార్లూ పొద్దున వెళ్లి చీకటి పడకముందే వచ్చేయడమే. చుట్టాలొస్తే చూపించడానికి, స్కూలు పిల్లల్ని తీసుకొని, ఆడపడుచు వాళ్లతో, ఇట్లా. ఎప్పుడు వెళ్లినా పులిహోర డబ్బాలు లెక్కపెట్టుకోవడం, పిల్లలు అంచుకు పోకుండా అరవడం, ఇదే సరిపోయింది. ఆ లోయను నేను నిమ్మళంగా కూర్చొని చూసింది లేదు.

ఇప్పుడు మా స్టాఫ్‌లో నలుగురం ఒక మాట అనుకున్నాం. డిసెంబర్‌లో ఒక శనివారం రాత్రి అక్కడే టెంట్లో ఉండి, తెల్లారి సూర్యోదయం చూసి రావాలని. మగవాళ్లు ఎవరూ రారు. ఇంట్లో చెప్తే మా ఆయన మొదట అడిగిన మాట, “ఏం పనిమీద?” అని. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పనేమీ లేదు మరి.

అడగాల్సినవి: టెంట్లో ఉండటం మంచిదా, హోటల్ గదే మేలా? బాత్రూం సంగతేంటి? మాలో ఒకరికి సరిగ్గా ఆ రోజులకే నెలసరి వచ్చేలా ఉంది. ఇంకొకరికి 51 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆమెకే అందరికంటే ఉత్సాహం ఎక్కువ.

గుత్తికోటమెట్లు (గుత్తి)
అక్కా, ఆ “ఏం పనిమీద” అనే ప్రశ్న మా ఇంట్లోనూ ఉంది. నాకు 29. నెలకు రెండు ఆదివారాలు గుత్తి కోట ఎక్కుతాను. మా ఇంటి మిద్దె మీద నుంచి కనబడే కోట అది. ఎక్కే దారి మరీ కష్టం కాదు, ఒక వాకిలి తర్వాత ఒక వాకిలి వస్తూ ఉంటుంది. పైన అంచు మీద మురారిరావు గద్దె అని ఒక చిన్న కట్టడం. అక్కడ కూర్చుంటే ఊరు, రైలు పట్టాలు, దూరంగా చేలు అన్నీ కాళ్ల కింద ఉన్నట్టుంటాయి.

మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లినప్పుడు జరిగింది చెప్తా. గొర్లు కాసే పెద్దాయన ఒకాయన సగం దారి నుంచి నా వెనకే వస్తున్నాడు. నాకు గుండె దడ. ఫోన్ చేతిలో పట్టుకొని నడుస్తున్నా. పైకి చేరినాక ఆయన దూరంగా కర్ర ఆనించుకొని నిలబడి, “ఏం కష్టమొచ్చిందమ్మా? ఇంట్లో కొట్టినారా?” అన్నాడు. నేను దూకడానికి వచ్చాననుకున్నాడు. ఊరికే వచ్చాను తాతా, చూడ్డానికి అంటే నమ్మలేదు. నేను దిగేదాకా కాపలా ఉన్నాడు. దిగేటప్పుడు తన దగ్గరున్న చెనక్కాయలు దోసెడు పెట్టాడు. ఆ తర్వాత నాలుగైదుసార్లు కనబడ్డాడు, ఇప్పుడు దూరం నుంచే చెయ్యి ఊపుతాడు.

అంటే భయపడాల్సిన మనిషీ ఉంటాడు, నన్ను చూసి భయపడే మనిషీ ఉంటాడు. ముందే తెలియదు, అదే తంటా.

రాతివనం (కర్నూలు)
తప్పుగా అనుకోవద్దు మేడం. నేను ఆడవాళ్లు వెళ్లకూడదనే రకం కాదు. కానీ రాత్రి పూట, అదీ శనివారం, కుర్రోళ్లు మందు పెట్టుకొని వస్తారు. నేను మిత్రులతో వెళ్లినప్పుడు స్వయంగా చూశాను. మీ ఇళ్లలో ఎవరైనా ఒక మగమనిషిని వెంట తీసుకెళ్తే మీకూ ధైర్యం, ఇంట్లోవాళ్లకూ టెన్షన్ ఉండదు. ఆయన పక్క టెంట్లో పడుకుంటాడు, మీకేం అడ్డం?

బుల్లెట్_కడప (కడప)
@రాతివనం అన్నా, “మిత్రులతో వెళ్లినప్పుడు” అన్నారు కదా, మిమ్మల్ని ఎవరైనా ఏం పనిమీద అని అడిగారా? ఊరికే తెలుసుకుందామని.

మగతోడు మీద నా అనుభవం ఒకటి. రెండేళ్ల కిందట నేనూ నా స్నేహితురాలూ బండి మీద తిరుగుతూ ఒక ఊళ్లో చీకటిపడి లాడ్జికి వెళ్లాం. ఊరి పేరు, లాడ్జి పేరు వద్దులెండి. ఇద్దరి ఆధార్ కార్డులూ, ఉద్యోగం గుర్తింపు కార్డులూ కౌంటర్ మీద పెట్టాం. “లేడీస్ ఒక్కరికే ఇయ్యం” అన్నాడు. ఇద్దరం ఉన్నాం కదయ్యా అంటే, మగవాళ్లు లేకుంటే ఎంతమంది ఉన్నా ఒక్కరి కిందే లెక్కంట. ఆ ఊళ్లోనే మా పిన్నమ్మ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాణ్ని పిలిపించాం. పదిహేడేళ్ల పిల్లోడు నైట్ ప్యాంటులో వచ్చి నిలబడ్డాడు, గది ఇచ్చేశాడు. వాడి కార్డు కూడా అడగలేదు. వాడు సంతకం పెట్టి, మాతో బజ్జీలు కొనిపించుకొని ఇంటికి పోయాడు.

పెన్నాగాలి అక్కా, గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, గది ముందే బుక్ చేసుకోండి. టెంట్ కావాలంటే ఆ దగ్గర్లోనే వేయించుకోండి. నా పద్ధతి ఏందంటే, ఏ ఊరికి పోయినా మొదట టీ అంగడికి పోతా. టీ తాగి, ఎక్కడ ఉంటున్నామో చెప్పకుండా, ఊరి గురించి నేనే నాలుగు మాటలు అడుగుతా. అర్ధగంటలో ఎవరు ఎట్లాంటివాళ్లో కొంచెం తెలిసిపోతుంది.

బండి మీద పోయేవాళ్లకు ఒక మాట. గువ్వలచెరువు ఘాట్‌లో రాత్రి లారీల వెనక పోవద్దు. పగలు పోండి, గువ్వలచెరువులో ఆగి పాలకోవా తినండి. పంక్చర్ కిట్ వాడటం ఇంట్లోనే రెండుసార్లు నేర్చుకోండి. నేను ఎండలో రోడ్డు పక్కన వీడియో చూసుకుంటూ నేర్చుకున్నా, ముగ్గురు మగవాళ్లు చుట్టూ నిలబడి తలా ఒక సలహా. ముగ్గురిలో ఒక్కరూ చెయ్యి వేయలేదు.

నర్సమ్మ_అనంత (అనంతపురం)
నేను నర్సుని. అడిగినవాటికి వరసగా చెప్తా, మొహమాటం లేకుండా.

నెలసరి: కప్పు అలవాటుంటే అంతకంటే సుఖం లేదు, ఎనిమిది గంటల దాకా చూసుకోనక్కర్లేదు. అలవాటు లేనివాళ్లు మాత్రం ట్రిప్‌లో మొదటిసారి వాడొద్దు. రెండు నెలలు ఇంట్లో వాడి చూడాలి. ప్యాడ్లయితే పాత పేపరు, ఒక మందపాటి నల్ల కవరు తీసుకుపోండి. వాడినవి అందులో పెట్టుకొని వెనక్కి తెచ్చుకోవాలి. కోట గోడ సందులో దూర్చి రావడం నేను చూశాను, చదువుకున్నవాళ్లే. మాత్రలు మింగి నెలసరి వెనక్కి నెట్టే పని డాక్టర్ని అడగకుండా చేయొద్దు. పూజకు మింగినట్టు ట్రిప్‌కి కూడా మింగుతున్నారు ఈ మధ్య.

ఒంటికి: ఆడవాళ్లు ప్రయాణం అంటేనే నీళ్లు తాగడం మానేస్తారు. ఇది నేను రోజూ చూసే జబ్బు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగపట్టుకొని, ఇంటికొచ్చాక మంట, జ్వరం. తాగండి. చాటు చూసుకొని వెళ్లండి, నలుగురున్నారు కదా, ఇద్దరు చున్నీ పట్టుకుంటే అదే గది.

పాము: చలికాలం తక్కువే అయినా రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, రాత్రి టార్చి లేకుండా అడుగు వేయొద్దు. కాటు పడితే తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి కట్టి, మనిషిని నడిపించకుండా 108లో ఆసుపత్రికి. విషానికి మందు అక్కడే ఉంటుంది, నాటు వైద్యుడి దగ్గర ఉండదు. రక్తపింజర కరిస్తే గంటలు లెక్క కాదు, నిమిషాలే లెక్క.

51 ఏళ్ల మేడంగారికి: రేపటి నుంచి రోజూ మీ స్కూలు మెట్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడే మోకాలికి పని ఎక్కువ, కాబట్టి చేతికి కర్ర ఉండాలి. ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ తెలుసు కదా, 1984లో. ఆమె 2022లో, 67 ఏళ్ల వయసులో, యాభై దాటిన ఆడవాళ్లని వెంటబెట్టుకొని అరుణాచల్ నుంచి లడఖ్ దాకా హిమాలయాల్లో నడిచింది. గండికోట మెట్లకు మనం వణికితే ఎట్లా.

సీమపిల్ల_బెంగళూరు (ఊరు తాడిపత్రి)
నాది డబ్బు కట్టి పోయిన అనుభవం. బెంగళూరు నుంచి వారాంతం ట్రిప్పులు వేసే ఒక బృందంతో గండికోట, బెలూం గుహలు రెండూ చూపిస్తామంటే వెళ్లాను. మా ఊరి పక్కనున్న బెలూంకి బెంగళూరు నుంచి టికెట్ పెట్టుకొని పోవడం ఏందో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. “ఆడవాళ్లకు వేరే టెంట్” అని రాసి ఉంది. రాత్రి పదకొండుకు చేరాక టెంట్లు తక్కువైనాయి, సర్దుకోండి అన్నారు. ఎవరో ఇద్దరు మగవాళ్లతో నేనూ ఇంకో అమ్మాయీ సర్దుకోవాలంట. మేమిద్దరం బస్సులో కూర్చొని తెల్లారగట్టేశాం. వాళ్లిద్దరూ పాపం మర్యాదస్తులే, వాళ్లే బయట పడుకుంటామన్నారు. తప్పు వాళ్లది కాదు. డబ్బు కట్టే ముందే ఎన్ని టెంట్లు, ఎంతమంది ఆడవాళ్లు, వెంట వచ్చేవాళ్లలో ఆడమనిషి ఉందా అని మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుంది.

బెలూం గురించి ఎవరూ చెప్పని సంగతి. లోపల ఉక్క. మొత్తం 3,229 మీటర్ల గుహలో మనకు తెరిచింది సగం లోపే, అయినా పాతాళగంగ దగ్గరికి దిగేసరికి నాకు ఊపిరి ఆడనట్టయింది. నిజానికి గాలి గొట్టాలతో లోపలికి గాలి పంపుతూనే ఉంటారు. నాది గాలి లేక కాదు, భయం. నా ముందు ఒక పల్లెటూరి అవ్వ, మోకాళ్ల దాకా చీర ఎగగట్టి, వంగి వంగి పోతోంది. నన్ను చూసి, “ముందర ఏముందో చూడొద్దు, నా మడమలు చూస్తా రా” అంది. ఆమె మడమల్లో పగుళ్లు, మెట్టెలు అరిగిపోయిన వేళ్లు, అవే చూస్తూ వెళ్లాను. పైకొచ్చాక మజ్జిగ ఇద్దామని చూస్తే మనుషుల్లో కలిసిపోయింది.

నల్లమల_నాగలూటి (ఆత్మకూరు)
అమ్మాయిలూ, నాకు 58. మా మనవరాలు ఫోన్లో టైపు చేసి పెడుతోంది, మాటలు నావే.

మీరంతా ట్రెక్కింగ్ అంటున్నారే, మేము శివరాత్రికి శ్రీశైలం నడిచిపోతాం. నేను పదకొండుసార్లు పోయినాను. వెంకటాపురం కాడ అడవిలో పడితే నాగలూటి, ఆడ్నుంచి పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. భీముని కొలను కాడ లోయలోకి దిగి మళ్లా పైకి ఎక్కాల. ఆ మెట్లు ఎక్కేటప్పుడు పక్కన ఎవరున్నారో కూడా తెలీదు, ఊపిరి చప్పుడే. మాలో సగం మందికి చెప్పులు ఉండవు. నెత్తిన మూట. ఒక ఏడు నా వేలికి ముల్లు దిగి రెండు రోజులు అట్లే నడిచినా. రాత్రి అడవిలోనే పండుకుంటాం. పులులుండే అడవి అది.

ఎవురూ ఏం పనిమీద అని అడగలే. మా అత్త గూడా అడగలే. మల్లన్న పని.

నిజం చెప్తా, మనవరాలు రాయొద్దంటాంది. మొదటిసారి మొక్కు ఉంది, కొడుకు జబ్బు నయమైతే వస్తానని. రెండోసారి నుంచి మొక్కేం లేదు. పోవాలనిపించింది, మొక్కు అని చెప్పినా. పెద్దచెరువు కాడ తెల్లారేటప్పుడు నీళ్ల మీద పొగ లేస్తాదే, దాన్ని చూసేదానికి పోతాండా. మల్లన్న ఏమీ అనుకోడులే.

గుత్తికోటమెట్లు
అవ్వా, మీరు ఈ వేదికలో ఇంత ఆలస్యంగా ఎందుకు చేరారు!

కలివికోడి (బద్వేలు)
నాగలూటి అక్క చెప్పిన దానికి ఒక మాట కలుపుతా. అహోబిలంలో చూడండి. ఉగ్రస్తంభం దారిలో చివర్లో చేతులూ కాళ్లూ ఆనించి రాళ్లు పట్టుకొని పాకాలి. అక్కడికి చీరకొంగు బిగించిన యాభై, అరవై ఏళ్ల ఆడవాళ్లు గోవిందా అంటూ ఎక్కిపోతుంటారు. అదే కొండకు నేను ట్రాక్ ప్యాంటు వేసుకొని మెడలో బైనాక్యులర్‌తో పోతే, “ఏమ్మా, ఒక్కదానివే?” అంటారు. దారి ఒకటే, బండలు అవే.

నేను పక్షుల కోసం తిరిగే మనిషిని. నా పేరు ఎందుకు పెట్టుకున్నానో మన జిల్లావాళ్లకు తెలిసే ఉంటుంది. ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ మన లంకమల కింది తుప్పల్లోనే దొరికింది. రాత్రి తిరిగే పిట్ట అది. నేను ఇప్పటిదాకా చూడలేదు, చూస్తానన్న ఆశా పెద్దగా లేదు. కానీ ఆ తుప్పల పక్కన సాయంత్రాలు కూర్చోవడం అలవాటైంది.

మీలో లంకమల, పాలకొండలు, నల్లమల లోపలికి పోవాలనుకునేవాళ్లుంటే అటవీ శాఖ అనుమతి తీసుకొనే పోండి. ఎర్రచందనం దొంగల వల్ల అక్కడ కాపలా గట్టి. అనుమతి కాగితం లేకుండా దొరికితే మీరు పిట్టల కోసం వచ్చామని ఎంత చెప్పినా వినరు. పైగా అది తప్పే. మొక్కుబడి దారులు కూడా ఆ పండుగ రోజుల్లోనే తెరుస్తారు, మిగతా రోజుల్లో అటు పోవద్దు.

గండికోటలో అంచు గురించి: ఆ బండలు చూడ్డానికి పేర్చి పెట్టిన పెట్టెల్లా ఉంటాయి. క్వార్ట్‌జైట్ రాయి, గట్టిదే, కానీ పగుళ్ల వెంట విడిపోయి కొన్ని ఊరికే ఆనుకొని నిలబడి ఉంటాయి. కాలు పెట్టే ముందు చేత్తో ఊపి చూడండి. సెల్ఫీ కోసం వెనక్కి నడవొద్దు. తేనెతుట్టెలు ఉన్నచోట సెంటు పూసుకొని పోవడం, పొగ పెట్టడం అసలు వద్దు.

రాతివనం
నమస్తే అండీ. ఇది ఆయన అకౌంటే, రాసేది నేను, వాళ్ల ఆవిడని. ఆయన స్నానానికి వెళ్లారు. నిన్నటి నుంచి ఇదంతా చదువుతున్నాను. ఆ మగతోడు సలహా ఇచ్చింది ఈయనే కదా. పెళ్లయి పదకొండేళ్లు. ఈయన మిత్రులతో గండికోట రెండుసార్లు, మారేడుమిల్లి ఒకసారి, గోకర్ణం ఒకసారి వెళ్లారు. నేను ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా వెళ్లాను. ఇంటికి ఇరవై కిలోమీటర్లు. అది కూడా పాప పుట్టినరోజుకి.

నాకు ఈయన మీద కోపమేమీ లేదు. ఎప్పుడూ వద్దనలేదు కూడా. నేనెప్పుడూ అడగలేదు, అంతే. అడగాలని తోచలేదు. తోచకపోవడం ఏంటా అని ఇప్పుడు ఆలోచిస్తున్నా. పొయ్యి మీద పాలు పెట్టాను, వెళ్తున్నా.

బుల్లెట్_కడప
అమ్మా, పాలు దించి రా. నీకంటూ ఒక అకౌంట్ తెరువు ముందు.

రాతివనం
స్నానం చేసి వచ్చి చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. పైన నేను రాసింది తీసేయను, ఉండనీ. శనివారం తాగుబోతుల మాట మాత్రం నిజం, దానికి జాగ్రత్త పడండి. బుల్లెట్ గారి ప్రశ్నకు జవాబు: లేదు, నన్ను ఎవరూ అడగలేదు.

వేదిక నిర్వాహకురాలు
ఫోన్ నంబర్లు ఇక్కడ రాయొద్దు, రెండు తీసేశాను. కొత్తవాళ్లకు గుర్తు కోసం: అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181. ఊళ్లో ఒకరికి రోజుకు రెండుసార్లు ఎక్కడున్నారో చెప్పే ఏర్పాటు చేసుకోండి. కొనసాగించండి.

సీమపిల్ల_బెంగళూరు
ఇంకొకటి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మనకు టికెట్ డబ్బు లేదు కదా. మా అమ్మ జీవితంలో మొదటిసారి ఒక్కతే పెనుకొండ పోయి కోట చూసి వచ్చింది. ఎందుకు పోయావమ్మా అంటే, “బస్సు ఊరికేనే కదా” అంది. తెలివైన జవాబు అది, ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు. బెలూం గుహలో భయపడిన నేను ఆమె కూతుర్నేనా అని అనుమానం.

పెన్నాగాలి
మూడు వారాల తర్వాత వస్తున్నాను. వెళ్లొచ్చాం! వరసగా చెప్పడం నాకు చేతకాదు, గుర్తొచ్చినట్టు రాస్తా.

నలుగురం అనుకున్నది ముగ్గురమే అయ్యాం. ఒకామె వాళ్ల అత్తగారికి ముందురోజు రాత్రి బీపీ పెరిగింది. నిజంగానే పెరిగిందో లేదో మాకు తెలియదు, ఆమెకూ తెలియదు. బస్టాండు దాకా వచ్చి మాకు నిమ్మకాయ పులిహోర ఇచ్చి వెనక్కి పోయింది. అది తింటుంటే ముగ్గురికీ మాట రాలేదు.

జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. బుల్లెట్ చెప్పినట్టే గది తీసుకొని, దగ్గర్లోనే టెంటు వేయించుకున్నాం. బాత్రూంకి గది, పడుకోవడానికి టెంటు. ఖర్చు రెండింతలైంది కానీ ఆ ధైర్యం కొన్నామనుకున్నాం. నెలసరి ఆమెకు సరిగ్గా ఆ రోజే వచ్చింది, నల్ల కవరు పనికొచ్చింది. జుమ్మా మసీదు దగ్గరా, మాధవరాయ గుడి దగ్గరా సాయంత్రం తిరిగాం. 51 ఏళ్ల మా సోషల్ మేడం చేతికర్రతో మా అందరికంటే ముందు. ఈ కోటను ఏలిన పెమ్మసాని నాయకుల గురించి ఆమె చెప్తుంటే పక్కనున్న కాలేజీ పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. రిటైరైతే గైడ్ పని చేస్తానంటోంది.

రాత్రి తొమ్మిదిన్నరకు లోయ అంచుకు కాస్త ఇవతల పెద్ద బండ మీద కూర్చున్నాం. చలి. కానీ అరచెయ్యి రాయి మీద పెడితే ఇంకా వెచ్చగా ఉంది, పొద్దున కాగిన ఎండ రాతిలో మిగిలిపోయింది. పొయ్యి ఆర్పేసిన తర్వాత సంగటి కుండ ఉంటుందే, ఆ వేడి. నేను రెండు చేతులూ ఆనించి, తర్వాత వెల్లకిలా పడుకున్నా. వీపంతా వెచ్చగా, ముఖం మీద చల్లగాలి. లోయ కనబడటం లేదు, చీకటి. కానీ అక్కడ ఖాళీ ఉందని చెవులకు తెలుస్తోంది. మనం మాట్లాడితే మాట ముందుకు పోయి ఎక్కడా తగలదు.

సరిగ్గా అప్పుడే ఫోన్. మా చిన్నోడు. “అమ్మా, నా జామెట్రీ బాక్స్ ఎక్కడ పెట్టినావు?” శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు వాడికి జామెట్రీ బాక్స్ ఎందుకో! బీరువా కింది అరలో అని చెప్పా. వెనక నుంచి మా ఆయన గొంతు, “అక్కడ లేదని చెప్పు”. ఫ్రిజ్ పైన చూడమన్నా. దొరికింది. నా పక్కనున్న ఇద్దరు మేడంలూ పడీపడీ నవ్వుతున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

పదకొండు దాటాక ఆరేడుగురు కుర్రోళ్లు స్పీకరు పెట్టుకొని వచ్చారు. రాతివనం గారూ, మీరు చెప్పిందే. తాగి ఉన్నారు. మేం లైట్లు ఆర్పి కూర్చోలేదు. టార్చి వేసుకొని ముగ్గురం లేచి, హోటల్ వైపు నడిచి, కాపలా ఉన్న ఆయన్ని పిలుచుకొచ్చాం. ఆయన రాకముందే సోషల్ మేడం వాళ్లలో ఒకణ్ని గుర్తుపట్టింది. ఎనిమిదేళ్ల కిందట ఆమె దగ్గర తొమ్మిదో తరగతి. “ఒరే, నువ్వేనా?” అంది. వాడు గ్లాసు వెనక్కి దాచుకొని “నమస్తే మేడం” అన్నాడు. స్పీకరు ఆగిపోయింది. నవ్వు వచ్చే కథే, కానీ ఒక మాట చెప్పాలి. వాడు ఆమె శిష్యుడు కాకపోయుంటే ఆ రాత్రి మేం గదిలోకి పోయి గడి పెట్టుకొని ఉండేవాళ్లం. ఆ తర్వాత కూడా నాకు గంటసేపు నిద్ర పట్టలేదు. గాలికి టెంటు గుడ్డ కొట్టుకుంటుంటే ప్రతిసారీ ఎవరో వచ్చారనే అనిపించింది.

సూర్యోదయం గురించి ఎక్కువ రాయను, ఫోటోలు అందరూ చూసినవే. నల్లగా ఉన్న రాయి మొదట పొగాకు రంగు, తర్వాత ఇటుక రంగు. కింద పెన్నా నీళ్లకు వెలుతురు చివర్లో తగిలింది. గంటన్నర కూర్చున్నా. పులిహోర డబ్బాలు ఎవరూ లెక్కపెట్టలేదు, ఒకటి అక్కడే మర్చిపోయి వచ్చాం, మళ్లీ ఆటో తిప్పించి తెచ్చుకున్నాం. చెత్త వదలొద్దన్నారు కదా.

ఇంటికి వచ్చాక మా ఆయన అడిగాడు, ఎట్లుంది అని. రాయి వెచ్చగా ఉంది అన్నా. ఇంకా అట్లే చూస్తున్నాడు.

నర్సమ్మ_అనంత
మోకాళ్లు ఎట్లున్నాయి మేడంగారివి? అది రాయలేదు.

పెన్నాగాలి
రెండు రోజులు నొప్పి, తర్వాత మామూలే. ఇప్పుడు ఆమె వేరే పేచీ పెట్టింది. శివరాత్రికి నాగలూటి దారిలో నడుస్తానంటోంది. నాగలూటి అక్కా, ఈమెను తీసుకుపోతారా? నేనూ వద్దామనుకుంటున్నా.

నల్లమల_నాగలూటి
రండి. శివరాత్రికి రెండు మూడు రోజులు ముందే నడక మొదలుపెట్టాల. కొత్త బూట్లు వద్దు, బొబ్బలొస్తాయి, ఇప్పటి నుంచే తొడుక్కొని ఇంట్లో తిరగండి. బొరుగులు, బెల్లం, ఒక దుప్పటి, టార్చి. నీళ్ల సీసాలు అడవిలో పారేసేటోళ్లను నేను తిడతా, ముందే చెప్తాండా. మోకాళ్లామె భీముని కొలను కాడ ఆగి ఆగి ఎక్కాల, నేనూ అట్లే ఎక్కుతా. తొందరుంటే ముందు పొండి.

ఇంట్లో అడిగితే మల్లన్న పని అని చెప్పండి.

పెన్నాగాలి
అక్కా, అది చెప్తే సులభమే. చెప్పకుండా పోతే ఎట్లుంటుందో చూద్దామని ఉంది.

నల్లమల_నాగలూటి
నీ ఇష్టం. మల్లన్నకు గూడా చెప్పొద్దులే, ఆయనకు అడవిలో కనబడతావు.

ఓర్వకల్లు_దాటి (కర్నూలు)
కొత్త అకౌంట్ అండీ. నేనే, పాలు పొంగిపోయినావిడని. నాగలూటి అక్కా, నేనూ వస్తే ఇబ్బందా? నాకు నడక అలవాటు లేదు, రోజూ పొద్దున నాలుగు కిలోమీటర్లు మొదలుపెట్టాను, వారం అయింది. పాపను ఆయన చూసుకుంటానన్నారు, మూడు రోజులేనా అని రెండుసార్లు అడిగారు. కర్నూలు నుంచి ఆత్మకూరుకు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?

నల్లమల_నాగలూటి
ఇబ్బంది ఏంది, రా. బస్సు టైము నాకేం తెలుసు తల్లీ, నేనుండేది ఆత్మకూర్లో. స్టాండుకు పోయి అడుగు. ఆధార్ కార్డు మర్చిపోవద్దు.